పైసలిచ్చే కస్టమర్ మనకెందుకు?

దక్షిణ తెలంగాణలో చిన్న వ్యాపారాలు ఎదగడం లేదని బాధపడేవాళ్ళు ఒకసారి నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లో నిలబడి తల పైకెత్తి చూడాలి. ఎదుగుదలంతా పైనే ఉంది. కరెంటు స్తంభానికో బ్రాండ్, వేపచెట్టుకో బ్రాండ్, డివైడర్ మీది లైటుకో బ్రాండ్ వేలాడుతున్నాయి. కింద షాపులో ఈగలు తోలుకుంటున్నారంటే అది వేరే సంగతి. బ్రాండంటే ముందు కస్టమర్ అని చెప్పేవాళ్ళు ఈమధ్య మరీ ఎక్కువయ్యారు. అందులోనూ పైసలిచ్చే కస్టమర్ కావాలట! ఈ ధోరణిని మొగ్గలోనే తుంచడం బాధ్యత గల పౌరుడిగా నా విధి అనుకుంటున్నాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర షాపుకు పేరు పెట్టడమంటే పిల్లాడికి పెట్టినంత తేలిక కాదు. న్యూమరాలజీ ఆయన ఇంకో 'ఏ' కలపమంటాడు. మేనమామ ఇలవేల్పు పేరు ఉండాల్సిందే అంటాడు. బీటెక్ చదివిన తమ్ముడు చివర 'స్టూడియోస్' ఉంటేనే స్టాండర్డ్ అంటాడు. ఉన్నది ఒక్క గది, అదీ అద్దెకు. అందరి మాటా చెల్లించాక, ఇంకా జాగా మిగిలిందని కింద 'గ్రూప్ ఆఫ్ కంపెనీస్' అని రాయిస్తారు. ఆ గ్రూపులో ఉన్నది ఒక జిరాక్స్ మెషీను, ఒక లామినేషన్ మెషీను, ఒక బావమరిది.

తర్వాత లోగో. ఎగిరే గద్ద, తిరిగే భూగోళం, ఉదయించే సూర్యుడు... ఈ మూడింటిలో ఏ రెండైనా ఉండాలి. లోగో పక్కన చిన్న సున్నాలో 'ఆర్' అక్షరం లేకపోతే బోసిగా ఉంటుందని డిజైనర్ అంటాడు, మనమూ పెట్టేస్తాం. రిజిస్టర్ కాని గుర్తుకు ఆ అక్షరం తగిలిస్తే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేకపోతే రెండూ ఉండేవి. 2024లో జైలు తీసేశారు గానీ, డబ్బు పెనాల్టీ మాత్రం ఉంది. అయినా లోగో అందంగా ఉండాలంటే కొంత సాహసం తప్పదు. 'టీఎం' అని పెట్టుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ అందులో మజా లేదు. నిజంగా రిజిస్టర్ చేయించాలంటే సొంతంగా వ్యాపారం చేసుకునేవాడికి ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకుకో సేవకో, 4,500 రూపాయల ఫీజు. రిజిస్టరైతే పదేళ్ళు రక్షణ, తర్వాత రెన్యువల్. ఆ 4,500కు ఇంకొంచెం కలిపితే ప్రారంభోత్సవానికి డీజే వస్తుంది. రక్షణ ఎవరి కంటికి కనబడుతుంది చెప్పండి? డీజే అయితే మూడు వీధులకు వినబడుతుంది.

ప్రారంభోత్సవ ఫ్లెక్సీ ఒక శాస్త్రం. పైన రాష్ట్ర నాయకులు, నడుమ జిల్లా నాయకులు, పక్కన వార్డు నాయకులు, వాళ్ళ వెనకాల పుట్టినరోజుకు తప్ప కనబడని యువ నాయకులు. ఎవరి తల ఎవరి తల కంటే అంగుళం చిన్నదైనా రేపు గొడవే. ఇంతమందినీ సర్దాక కింద మూలన పాస్‌పోర్ట్ సైజులో ఓనర్, దండం పెడుతూ ఉంటాడు. షాపులో ఏమమ్ముతారో రాయడానికి చోటుండదు. ఇది లోపమని కొందరంటారు. నేనొప్పుకోను. ఏమమ్ముతున్నామో చెప్పేస్తే కొనేవాళ్ళు వచ్చి పడతారు. అప్పుడు నాయకుల మనుషులకు కుర్చీలెక్కడివి? రిబ్బన్ కత్తిరించిన మర్నాడే వాళ్ళు వస్తారు. "అన్న చెప్పిండు, జర చూస్కో" అంటారు. చూసుకోవడమంటే బిల్లు చూసుకోకపోవడమని మనకు తెలుసు.

ఈ బ్రాండ్లన్నిటికీ పురిటి గది లాంటి ఫ్లెక్సీ షాపులో ఒక సాయంత్రం కూర్చున్నాను. రోలరు మీద ఇంకా తడారని ఒక మొబైల్ షాపు ఓనర్ ముఖం మెల్లగా బయటికొస్తోంది. షాపాయన దాన్ని చూడకుండా ఖాతా పుస్తకం తిరగేస్తున్నాడు. జిమ్ము, బిర్యానీ, ప్లేస్కూలు, ఈవెంట్స్, రియల్ ఎస్టేటు... ఊళ్ళో పేరుమోసిన ప్రతి బ్రాండూ అందులో ఉంది. "చౌరస్తాల కనబడేటోళ్ళంతా నా బుక్కులనే ఉన్నరు సార్" అన్నాడు గర్వంగానే. పాత బాకీ అడిగితే కొత్త ఫ్లెక్సీకి పక్క షాపుకు పోతారని భయం. అందుకే అడగడు. పక్క షాపాయనా అడగడట, ఇదే భయంతో. పోటీ మార్కెట్ అంటే ఇదీ.

ఇక ధర. బ్రాండున్నవాడు ధర చెప్పకూడదు. నోరు తెరిచి అంకె చెబితే సంబంధాలు చెడతాయి. దీన్ని మన పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఒక కళగా తీర్చిదిద్దారు.

"తమ్మీ, పెండ్లికి ఎంతైతది?"

"నీ దగ్గర ఎక్కువ తీసుకుంటనా అన్నా? నువ్వెంతిస్తే అంత."

అన్న ఎంతిస్తాడో అన్నకే తెలుసు. డ్రోన్ కావాలంటాడు. ప్రీ వెడ్డింగ్ షూట్ నాగార్జునసాగర్‌లో కావాలంటాడు. బారాత్ తెల్లారేదాకా తీయాలంటాడు. పెళ్ళయిపోతుంది. ఆల్బమ్ ప్రింటై షాపులో అద్దాల వెనక ఉంటుంది. వచ్చిపోయేవాళ్ళు దాన్ని శాంపిల్ అనుకుంటారు. ఏడాది తిరక్కుండానే అన్న మళ్ళీ వస్తాడు, బిడ్డ సీమంతానికి మాట్లాడుకోవడానికి. "పాతది గూడ దీంట్లనే కలుపుదాం తమ్మీ." కలుపుతారు. తొట్టెల ఫంక్షన్ దాకా కలుపుతూనే ఉంటారు. ఒకే కుటుంబం మళ్ళీ మళ్ళీ మన దగ్గరికే రావడాన్ని బ్రాండ్ లాయల్టీ అంటారు. దానికి పైసలు కూడా అడగడం అత్యాశ.

ఇన్‌స్టాలో ఫాలోవర్లు మాత్రం వేలల్లో ఉంటారు. సగం మంది మిగతా ఫొటోగ్రాఫర్లే. మంట గుర్తు పెట్టేది వాళ్ళే, రేటు అడిగేదీ వాళ్ళే, మరుసటి వారం దానికంటే తక్కువకు చేసేదీ వాళ్ళే.

కేంద్ర ప్రభుత్వానికి మన సంస్కృతి మీద అవగాహన లేదనడానికి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టమే సాక్ష్యం. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకో సేవో తీసుకున్న వ్యాపారి, ఒప్పందం రాసుకుంటే అందులోని గడువుకు కట్టాలి. ఆ గడువు ఎంత సాగదీసినా 45 రోజులు దాటరాదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బాకీ తేలకపోతే ఫిర్యాదు చేయడానికి ఒక ప్రభుత్వ పోర్టల్. ఉద్యమ్ నమోదుకు రూపాయి ఫీజు లేదు. లేదు కాబట్టే మనవాళ్ళకు దాని మీద గౌరవం లేదు. ఏజెంటుకు రెండువేలిచ్చి చేయించుకుంటే ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు.

ఈ చట్టం రాసినవాళ్ళెవరో గానీ మన క్యాలెండర్ చూసిన పాపాన పోలేదు. ఇక్కడ పొద్దున బోణీ కాకముందు బాకీ అడగరాదు. మంగళవారం అసలే వద్దు. శుక్రవారం దీపాలు పెట్టినంక లక్ష్మిని గడప దాటించరు. అమావాస్య, మూఢం ఎటూ ఉన్నాయి. ఇవి పోగా మిగిలిన రోజుల్లో వడ్లు కాంటా కావాలి. కాంటా అయ్యాక ఖాతాలో పైసలు పడాలి. పడ్డాక ముందు ఎరువుల షాపు బాకీ తీరాలి. ఈలోపు మళ్ళీ నాట్లు. రైతు చెబితే ఇది నిజమే, పాపం. విచిత్రమేమిటంటే, గుంట భూమి లేని రియల్టరు కూడా ఇదే చెబుతాడు. కాకపోతే ఆయన వడ్లకు బదులు రిజిస్ట్రేషన్ అంటాడు.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు లేచి పోచంపల్లి సంగతేమిటంటారు. నిజమే, మన వైపు బ్రాండ్లు లేకపోలేదు. పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర... మూడింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. నూనె పట్టించిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. మరుసటి ఏడాది పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. కానీ ఈ ఊళ్ళు చేసింది శుద్ధ తప్పు పద్ధతి. లోగోతో, జింగిల్‌తో మొదలుపెట్టలేదు. ముందు నూలుకు చిటికి కట్టారు, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టారు, రంగులద్దారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కించారు. రెండు వైపుల పోగులకూ రంగేసే డబుల్ ఇక్కత్‌లో పడుగు (నిలువు పోగు) రంగు పేక (అడ్డపోగు) రంగుతో కలవకపోతే డిజైనే చెదిరిపోతుంది. గద్వాలలో చీర ఒంట్లోని నూలును పట్టు అంచుతో పోగుపోగుకూ కలుపుతూ కూర్చున్నారు. పేరు దానంతటదే వచ్చింది. ఇలా అందరూ పని మీదే పడితే ఫ్లెక్సీ షాపులు ఏం కావాలి?

పైగా ఆ పద్ధతిలో కస్టమర్లు చెడిపోతారు. ఇక్కత్ తెలిసిన ఆడవాళ్ళు చీర చేతికిచ్చీ ఇవ్వగానే తిప్పి వెనకవైపు చూస్తారు. నేసిన డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిన చీర వెనకాల వెలవెలబోతుంది. తిప్పి చూసే కస్టమర్ కంటే ప్రమాదకారి లేదు. ఇంకో ముచ్చట చెబితే ఆ నేతవాళ్ళ బ్రాండూ మన దారికే వచ్చిందని అర్థమవుతుంది. పేరు ఊరిది, లాభం షోరూముది, మగ్గం గుంతలో కాళ్ళు మాత్రం నేసేవాళ్ళవి.

అసలు ఈ వ్యాసం రాయించింది మహబూబ్‌నగర్‌లో ఒక సందులో మగ్గం వర్కు చేసే ఒక దర్జీ అమ్మ. బోర్డు లేదు. తలుపు మీద నోటుబుక్కు కాగితం: "సగం అడ్వాన్స్. పెండ్లి జాకెట్లు పదిహేను రోజుల ముందు ఇయ్యాలి. అరువు లేదు." ఇంత మొహమాటం లేని మనిషిని పాలమూరులో ఎలా బతకనిస్తున్నారో తెలియదు. పైగా, సందు నిండా స్కూటీలు. ఆమె శాంపిల్ జాకెట్టు తీసి తానే లోపలి వైపు తిప్పి చూపిస్తుంది, దారాలు వేలాడుతున్నాయేమో చూసుకోమని. కొలతలు, తేదీ, వచ్చింది, రావలసింది... పుస్తకంలో నాలుగు గడులు. చివరి గడి చాలా చోట్ల కొట్టేసి ఉంది. నిండిపోతే "ఈ నెల ఖాళీ లేదక్కా" అని పంపేస్తుంది. కౌన్సిలర్ ఇంటి నుంచి వచ్చినవాళ్ళనూ అలాగే పంపిందట. వాళ్ళు తిట్టుకుంటూ పోయి, వచ్చే నెలకు అడ్వాన్స్ ఇచ్చి పోయారట.

మా ఇంటావిడతో వెళ్ళినప్పుడు ఈ అనాగరికతను సరిచేద్దామనుకున్నాను. "అమ్మా, నీకు మంచి పేరు, లోగో, పేజీ, అన్నీ నేనే చేసిపెడతా. నీ దగ్గర పైసా తీసుకోను" అన్నాను.

ఆమె సూది మీంచి కళ్ళెత్తలేదు. "వద్దు సార్. ఫిరీగ చేసేటోళ్ళు టైముకియ్యరు."

జాకెట్టు మాత్రం చెప్పిన రోజుకే ఇచ్చింది, మిగతా సగం ఫోన్‌పేలో పడిన మోత విన్నాకే.