ఐదు సెకన్ల దగ్గర ఆగిన రాకెట్

2023 అక్టోబరు 21, శనివారం. దసరా సెలవులు. పొద్దున్నే మా ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. మన వ్యోమగాముల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం ఇస్రో చేస్తున్న టీవీ-డీ1 (టీవీ అంటే టెస్ట్ వెహికల్, పరీక్ష రాకెట్) పరీక్ష ఆ రోజే. ఎగురుతున్న రాకెట్ నుంచి వ్యోమగాములు కూర్చునే గదిని లాగి పక్కకు తెచ్చి, పారాచూట్లతో సముద్రంలో దింపాలి. లోపల మనుషులు లేరు. శ్రీహరికోట నుంచి ఎనిమిదింటికి లేవాల్సిన రాకెట్, వాతావరణం బాగాలేక ఎనిమిదీ ముప్పావుకి మారింది. ఎట్టకేలకు కౌంట్‌డౌన్ చివరికొచ్చింది. ఏడు, ఆరు, ఐదు. అక్కడే ఆగిపోయింది. ఏదో తేడా ఉందని కంప్యూటరే ఆపేసింది.

"పాడైపోయిందా బాబాయ్?" అన్నాడు మా అన్నయ్య కొడుకు, ఏడుపు మొహంతో. పాడవలేదురా, సరిగ్గా పనిచేసింది కాబట్టే ఆగింది అని చెప్పాను. వాడు నమ్మలేదు. లోపమేంటో కనుక్కుని, సరిచేసి, పది గంటలకు రాకెట్‌ను పైకి పంపాకే వాడు మళ్ళీ మామూలయ్యాడు.

వాణ్ణి తప్పుపట్టలేను. వాయిదా అనగానే పెద్దవాళ్ళం కూడా అలాగే డీలా పడిపోతాం. ఛానళ్ళలో "ఇస్రోకు ఎదురుదెబ్బ" అని స్క్రోలింగ్ మొదలవుతుంది. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపాలనుకుంటున్న దేశంగా ముందు మనం మార్చుకోవాల్సింది ఈ చూపునే అని నా అభిప్రాయం. ఎందుకంటే రోదసిలో మనుషులు చనిపోయిన పెద్ద ప్రమాదాలు తిరగేసి చూస్తే, యంత్రంలో లోపం ఎంత కనిపిస్తుందో, "ఆగండి" అన్న మాటను పక్కనపెట్టిన మనుషులు కూడా అంతే కనిపిస్తారు.

మన దగ్గరా ఆ అనుభవం ఉంది. 1979 ఆగస్టు 10న ఇదే శ్రీహరికోటలో మన ఉపగ్రహ రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. కంప్యూటర్ ఆపమంది, పరవాలేదని నిపుణులు చెప్పారు, కంప్యూటర్‌ని కాదని తానే ముందుకెళ్ళానని ఆ ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. అప్పటి ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నారంటూ ఆ కథలో రెండో సగాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నాకు మాత్రం మొదటి సగమే ఎక్కువగా గుర్తొస్తుంటుంది. ఆ రాకెట్‌లో మనుషులు లేరు కాబట్టి 1980 జులైలో ఇంకో అవకాశం దొరికింది.

అమెరికా అంతరిక్ష షటిల్ ఛాలెంజర్‌లో ఏడుగురున్నారు. 1986 జనవరి 28న లేచిన 73 సెకన్లకు వాళ్ళ ప్రయాణం ముగిసింది. కారణం ఒక రబ్బరు రింగు. కుక్కర్ మూతకు గాస్కెట్ చేసే పనే, షటిల్‌కు అటూ ఇటూ ఉండి పైకి నెట్టే బూస్టర్ రాకెట్ల అతుకుల దగ్గర ఈ రింగులు చేస్తాయి. గాస్కెట్ బిరుసెక్కితే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు, పక్కనుంచి బుస్సుమని ఆవిరి తన్నుకొస్తుంది. బూస్టర్ అతుకులోంచి వచ్చేది ఆవిరి కాదు, ఉక్కును కరిగించే మంట. చలికి రబ్బరు సాగే గుణం తగ్గుతుంది. అంతకుముందు ఏడాది చలిలో జరిగిన ఒక ప్రయోగం తర్వాత బూస్టర్లు విప్పి చూస్తే రింగులు దాటి మసి కనిపించింది. అందుకే బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ ఇంజనీర్లు ముందురోజు రాత్రి నాసాతో ఫోన్‌లో గట్టిగా చెప్పారు, సుమారు 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఎగరనివ్వొద్దని. ప్రయోగ సమయానికి అక్కడున్నది రెండు డిగ్రీలు.

ఆ రాత్రి సంభాషణను నేను చాలాసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. థయోకోల్ ఇంజనీరు రోజర్ బోయిస్‌జోలీ ఆ మసి ఫొటోలు చూపించి మొత్తుకున్నాడు. నాసా అధికారులు విసుక్కున్నారు. కాసేపు కంపెనీ వాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటామన్నారు. అప్పుడు ఇంజనీరింగ్ విభాగానికి పెద్ద అయిన రాబర్ట్ లండ్‌తో కంపెనీ పెద్దాయన ఒకరు, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. లండ్ మెత్తబడ్డాడు. కంపెనీ సరేనంది. ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టనని అదే కంపెనీకి చెందిన అలన్ మెక్‌డొనాల్డ్ భీష్మించుకుంటే, ఆ సంతకం ఇంకొకరు పెట్టారు.

మామూలుగా ప్రయోగానికి ముందు "ఇది సురక్షితం" అని నిరూపించాలి. ఆ రాత్రి ప్రశ్న తలకిందులైంది. "ఇది కచ్చితంగా పేలుతుందని నిరూపించండి" అన్నట్టు తయారైంది. ఏ ఇంజనీరూ అలా కచ్చితంగా చెప్పలేడు. అతని దగ్గరున్నది కొన్ని ఫొటోలు, కొంత అనుమానం మాత్రమే.

"ఇన్నిసార్లు ఎగిరింది, ఏమీ కాలేదు కదా" అన్న ధైర్యం కూడా అక్కడ పనిచేసింది. ఏటా వానాకాలంలో మన వాగుల దగ్గర చూసేదే ఇది. మొన్న దాటాం, నిన్న దాటాం, ఈరోజూ దాటేస్తామని పొంగే నీళ్ళలోకి ఆటో దింపుతారు. నిన్న దాటిన బండి వాగు లోతు తక్కువని నిరూపించలేదు. ఛాలెంజర్ దర్యాప్తులో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ షటిల్ కూలే అవకాశం ఎంతని అడిగితే, పనిచేసే ఇంజనీర్లు వందలో ఒకటి అన్నారు, పై అధికారులు లక్షలో ఒకటి అన్నారు. చివరికి 135 ప్రయాణాల్లో రెండు షటిళ్ళు పోయాయి. పధ్నాలుగు మంది చనిపోయారు.

రెండోది కొలంబియా, మన కల్పనా చావ్లా ఉన్నది. 2003 జనవరిలో పైకి లేచేటప్పుడు ముక్కాలు కిలో దాకా బరువున్న నురగ ముక్క ఇంధన ట్యాంకు నుంచి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. కక్ష్యలో ఉన్న షటిల్‌ను ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగారు. పైవాళ్ళు అక్కర్లేదన్నారు. నురగ ఊడటం వాళ్ళకు అలవాటైపోయింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తుండగా రెక్కలోని రంధ్రంలోంచి వేడి వాయువు లోపలికి చొచ్చుకుపోయింది.

ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకు అదే నాసా, సునీతా విలియమ్స్ వెళ్ళిన స్టార్‌లైనర్ వ్యోమనౌకలో హీలియం లీకు, థ్రస్టర్ల (చిన్న ఇంజన్ల) గోల కనిపించాక, 2024 ఆగస్టులో దాన్ని ఖాళీగానే కిందికి తేవాలని నిర్ణయించింది. ఎనిమిది రోజుల ప్రయాణం తొమ్మిది నెలలు దాటింది. "చిక్కుకుపోయారు" అంటూ మన దగ్గర కూడా ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుంది. ఖాళీ స్టార్‌లైనర్ క్షేమంగానే దిగింది. అయినా నిర్ణయం సరైనదే. దిగాక తెలిసిన సంగతితో, దిగకముందు తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టకూడదు.

ఇక గగన్‌యాన్. దాన్ని మోసే ఎల్‌వీఎం3 రాకెట్‌కి రెండు వైపులా ఎస్200 బూస్టర్లుంటాయి. ఒక్కోదానిలో రెండు వందల టన్నుల ఘన ఇంధనం. తారాజువ్వలాంటిదే, అంటించాక ఆర్పడం ఉండదు. అది కూడా మూడు ముక్కలుగా చేసి అతికినదే. అందుకే మనుషుల కోసం తయారుచేసిన రూపంలో అతుకులు, లోపలి ఇన్సులేషన్, ఇగ్నిషన్ ఏర్పాట్లను మరింత పటిష్ఠం చేసి, 2022 మే 13న శ్రీహరికోటలో నేల మీద మండించి చూశారు. షటిల్‌కు లేనిది, దీనికి ఉన్నది క్రూ ఎస్కేప్ సిస్టమ్, ప్రమాదం వస్తే వ్యోమగాముల గదిని రాకెట్ నుంచి లాగేసే ఏర్పాటు. 1983 సెప్టెంబరులో సోవియట్ ప్రయోగ కేంద్రం బైకనూర్‌లో సోయుజ్ రాకెట్‌కు ప్యాడ్ మీదే నిప్పంటుకుంటే, ఇలాంటిదే ఇద్దరు వ్యోమగాముల్ని క్షణాల్లో లాగేసి బతికించింది.

టీవీ-డీ1లో పరీక్షించింది దీన్నే. అనుకున్నట్టే పనిచేసింది. కానీ సముద్రంలో దిగిన గది తలకిందులుగా తేలుతూ కనిపించింది. ఒక్కసారి ఊహించండి, లోపల ముగ్గురు బెల్టులతో కట్టేసుకుని, తల కిందికి, కాళ్ళు పైకి, చుట్టూ అలలు. గదిని నిలబెట్టే గాలి సంచుల ఏర్పాటు ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలు. పరీక్ష విజయవంతమైందన్న వార్త కింద ఈ సంగతి చాలామందికి కనిపించనే లేదు.

2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద గగన్‌యాన్‌కు చెప్పిన గడువు 2022. అది ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యమైందని నాకేమీ బాధ లేదు. తేదీని పండుగలను బట్టి, ఎన్నికలను బట్టి అడగడం మొదలైతేనే బాధ. ఎల్‌వీఎం3 ఇంతవరకు విఫలం కాలేదన్న మాట వినడానికి బాగుంటుంది, కానీ దాదాపు పదిసార్లే ఎగిరిన రాకెట్ రికార్డు వందలో ఒకటి ప్రమాదాన్ని కూడా తేల్చలేదు. అందుకే వైఫల్యాల నివేదికలు ముఖ్యం. 2021లో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ పడిపోయినప్పుడు, హైడ్రోజన్ ట్యాంకు వాల్వులో లీకు దగ్గర మొదలైన తప్పును ఇస్రో జనానికి వివరంగా చెప్పింది. 2025 మే 18న విఫలమైన పీఎస్ఎల్‌వీ-సీ61 రాకెట్ మూడో దశలో ఏం జరిగిందో కూడా అంతే వివరంగా, ఏ ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడైనా కూర్చుని చదువుకునేలా బయటపెట్టాలి. గగన్‌యాన్‌లో మొదటి మనిషి ఎక్కేలోపే ఆ పని జరగాలి.