ఇంట్లో చదివిన బిడ్డకు సాక్షులు ఎవరు?

మే నెల వస్తే అమెరికా బడుల్లో ఇయర్‌బుక్‌ల సందడి మొదలవుతుంది. ఆ ఏడాది బడి పిల్లల ఫోటోలు, విశేషాలు కూర్చి అచ్చువేసే పుస్తకమే ఇయర్‌బుక్. ఆ ఏటి పుస్తకం చేతికి రాగానే పిల్లలు పెన్నులు పట్టుకుని ఒకరి పుస్తకంలో ఒకరు సంతకాలు చేసుకుంటారు. మనకూ ఇలాంటివి ఉండేవి. పదో తరగతి వీడ్కోలు సభనాటి ఆటోగ్రాఫ్ పుస్తకం, చెట్టు కింద బల్లలు వేయించి తీయించుకున్న గ్రూప్ ఫోటో. టెక్సాస్‌లోని డల్లాస్ చుట్టుపక్కలా పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా శివార్లలోనూ బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఈ రెండూ దక్కడం లేదు. వాళ్లకు ఏటా ఒక ఇయర్‌బుక్ తయారుచేసి ఇవ్వడం తల్లిదండ్రుల విధి అంటాను. లెక్కలు నేర్పడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

ఇంటి చదువు మంచిదా, కాదా అన్న చర్చ పాతది. దాన్ని ఇక్కడ తిరగతోడను. కోవిడ్ ఏడాది దాని పరిమాణాన్ని మార్చేసిందని మాత్రం గుర్తుచేస్తాను. అమెరికా జనగణన సంస్థ సర్వే ప్రకారం బడి ఈడు పిల్లలున్న కుటుంబాల్లో ఇంటి చదువు చెప్పేవారు 2020 వసంతంలో 5.4 శాతం, అదే ఏడు శరత్కాలానికి 11.1 శాతం. ఆసియా మూలాలున్న కుటుంబాల్లో 4.9 నుంచి 8.8 శాతానికి పెరిగారు. తర్వాత చాలామంది బడిబాట పట్టారు, కొందరు ఉండిపోయారు. ఉండిపోయిన వారిలో మనవాళ్లూ ఉన్నారు.

బడికి వెళ్లే పిల్లవాడు పెరుగుతుంటే చూసేవాళ్లు ఎంతమందో. తరగతి నిండా తోటివాళ్లు, ఐదారుగురు ఉపాధ్యాయులు, గంట కొట్టే అటెండరు, గేటు బయట జామకాయలమ్మే అవ్వ. ఐదో తరగతిలో వాడు పద్యం మధ్యలో మరిచిపోయి నిలబడిపోయిన సంగతిని ముప్పై ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఎవరో ఒకరు బయటికి తీస్తారు. వాడి బాల్యం పదిమంది దగ్గర తలా కాస్త దాచి ఉంటుంది. ఇంట్లో చదివిన బిడ్డ బాల్యం మాత్రం ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఆ ఇద్దరూ ప్రేమతో చూసినవాళ్లే, కానీ బాగా అలసినవాళ్లు కూడా. అమ్మ జ్ఞాపకంలో ఎనిమిదో ఏడూ తొమ్మిదో ఏడూ కలగలిసిపోతాయి. గుణకారం ఎప్పుడు వచ్చింది, చీకటంటే భయం ఎప్పుడు పోయింది అని అడిగితే తేదీ కాదు కదా, ఋతువు కూడా చెప్పలేరు.

పిల్లలకు స్నేహితులు ఉండరేమో అని బంధువులు బెంగపడుతుంటారు. అది అక్కరలేని బెంగ. కుటుంబాలు కలిసి నడుపుకునే కో-ఆప్‌లు ఉన్నాయి, గ్రంథాలయం ఉంది, ఈత కొలను ఉంది, ఆదివారం గుడి ఉంది. అయితే సోమవారం కలిసేవారు వేరు, గురువారం కలిసేవారు వేరు. ఏడాది పొడవునా పక్క బల్ల మీద కూర్చుని చూసినవారెవరూ ఉండరు. ఇంటి చదువులో నాకు కనిపించే అసలు లోటు ఈ సాక్షుల లోటే.

ఇయర్‌బుక్ ఆ లోటు తీర్చాలి. తీర్చాలంటే బడి పుస్తకానికి నకలు తీస్తే కుదరదు. 1806లో యేల్ కళాశాల నుంచి పట్టభద్రులైన వారి నీడబొమ్మలతో కట్టిన సంపుటిని తొలి ఇయర్‌బుక్ అంటారు. విడిపోయేవాళ్లు ఒకరి ముఖం ఒకరు మరిచిపోకుండా పుట్టిన ఏర్పాటు అది. ఇంట్లో విడిపోయేవాళ్లు లేరు. అలాంటప్పుడు స్టూడియోలో ఒక ఫోటో తీయించి, ఇంటికి ఏదో అకాడమీ అని పేరు పెట్టి, ఒక్కగానొక్క పిల్లకు ‘తరగతిలో ప్రథమురాలు’ అని బిరుదు రాస్తే దాన్ని చూసి ముందు ఇబ్బందిపడేది ఆ పిల్లే.

గత వేసవిలో డల్లాస్ శివారులో మా బంధువుల ఇంట్లో ఒక ఇయర్‌బుక్ చూశాను. పదేళ్ల పిల్లది. 48 పుటలు, మెత్తని అట్ట. మొదటి పుటలో తలుపు చట్రం మీద గీసిన పెన్సిలు గీతల ఫోటో, పక్కన తేదీలు. తర్వాతి పుటల్లో ఆ పిల్లకు ఏదో ఒకటి నేర్పిన ప్రతి మనిషికీ ఒక్కో పుట. పక్కింటి ముసలి వడ్రంగి పిచ్చుక గూటి కొలతలను అంగుళాల్లో గీసి, కింద ‘మొదటి గూటికి చిల్లు పెద్దదైంది, రెండోది సరిగ్గా వచ్చింది’ అని రాశాడు. గ్రంథపాలకురాలు రాసిన నాలుగు పంక్తుల సారాంశం: ఈ పాప నచ్చని పుస్తకాన్ని ఊరికే తిరిగివ్వదు, ఎందుకు నచ్చలేదో చెప్పి మరీ ఇస్తుంది.

నన్ను ఆపేసింది గుంటూరు తాతగారి పుట. ఆయన విశ్రాంత లెక్కల మాస్టారు. అక్కడ ఉదయం ఏడున్నర, ఇక్కడ (చలికాలంలో) రాత్రి ఎనిమిది గంటలకు రోజూ వీడియోలో పాఠం. గీతల కాగితం మీద నీలి సిరాతో, ఎక్కడా కొట్టివేత లేకుండా రాశారు: ‘భిన్నాల కూడిక దగ్గర నవంబరంతా ఏడ్చింది. హారాలు సమానం చేయకుండా కూడేసేది. భోగి నాడు 2/3కి 1/4 కలిపితే 11/12 అని తనంతట తానే చెప్పింది. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను.’ ఏ ప్రోగ్రెస్ కార్డులోనైనా ఇంత కచ్చితమైన మాట ఉంటుందా? మార్కు వచ్చింది అని చెప్పే కాగితాలు ఎన్నో ఉంటాయి. ఏడ్చిందనీ, ఎన్నాళ్లు ఏడ్చిందనీ, ఏ రోజున ఏడుపు ఆగిందనీ చెప్పే కాగితం నేను మొదటిసారి చూశాను.

బడి తంతులు వద్దనే కదా బయటికి వచ్చింది, మళ్లీ ఇదెందుకు అంటారు కొందరు. ఫోనులో వేల ఫోటోలు ఉన్నాయంటారు. పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్లు తమ ఫైలు చూపిస్తారు. అక్కడ 1988 నాటి చట్టం ప్రకారం చదివిన పుస్తకాల పట్టిక, పిల్లల పని నమూనాలు కలిపి ఏటా మూల్యాంకనం చేసేవారి ముందు పెట్టాలి. నిజమే, కానీ ఆ ఫైలు మరొకరి మెప్పు కోసం కట్టినది. చిల్లు పెద్దదైన పిచ్చుక గూడు అందులోకి రాదు. టెక్సాస్‌లో ప్రభుత్వానికి ఏ కాగితమూ చూపనక్కర లేదు, కాబట్టి అక్కడ ఆ ఫైలు కూడా మిగలదు. ఇక ఫోనులోని ఫోటోల సంగతి. వాటిని తీసినవాళ్లే మళ్లీ చూడరు.

పని మొదలుపెట్టేవారికి నా అనుభవం కొద్దీ రెండు మాటలు. మ్యూజియం టికెట్లు, రసీదులు యథాతథంగా అతికించకండి. వేడితో అచ్చయ్యే ఆ కాగితం మీద అక్షరాలు కొన్నేళ్లకే వెలిసిపోతాయి, ముందే స్కాన్ చేయించండి. మధ్యలో పిన్నులు కొట్టించే పుస్తకమైతే పుటల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. ఒక్క ప్రతి అయినా అచ్చువేసి ఇచ్చేవారు ఉన్నారు కాబట్టి ఖర్చుకు జంకనక్కర లేదు. తెలుగు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్లు కొన్ని మన ఒత్తుల్ని విడదీసి పక్కన పడేస్తాయి. ‘అమ్మమ్మ’ అని కొడితే చదవలేని గీతలు వస్తాయి. అది చూసి చాలామంది పుస్తకం మొత్తం ఇంగ్లీషులో చేసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. తాతగారు చేసినట్టు చేత్తో రాయండి, రాయించండి, ఆ కాగితాన్నే బొమ్మగా తీసి పెట్టండి. దస్తూరీకి ఫాంటుతో పని లేదు.

ఈ దస్తూరీ గురించే నాకు ఎక్కువ బాధ. మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే జాతకం రాయిస్తాం. ఘడియలు, విఘడియలు, నక్షత్ర పాదంతో సహా ఉంటాయి. ఆ తర్వాత పెళ్లి శుభలేఖ దాకా మళ్లీ కలం కదలదు. పుట్టిన క్షణం మీద ఉన్న శ్రద్ధ పెరిగిన ఏళ్ల మీద లేదు. ఊరి కరణాలు తాటాకుల మీద కవిలెలు, అంటే ఊరి లెక్కల దస్త్రాలు, రాశారు. ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ కోసం కైఫీయతులు (ఊళ్ల స్థానిక చరిత్రలు) సేకరించినవారికి ఆ కవిలెల నుంచే గ్రామాల చరిత్ర దొరికింది. వాటిలో శిస్తులు, మాన్యాలు, సరిహద్దులు, దేవాలయాలు ఉన్నాయి. ఆ ఊళ్లలో పిల్లలు ఏం నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది వెతకబోతే దొరికేది చాలా తక్కువ. ముత్తాత పేరు దగ్గరే మనలో సగం మంది తడబడతాం. ఆయన దస్తూరీ చూసినవారు ఎందరు? ఇన్‌లాండ్ లెటర్లు రాయడం ఆగిపోయాక ఇళ్లలో తెలుగు చేతిరాత సరుకుల చీటీకి పరిమితమైంది. ఇప్పుడు ఆ చీటీ కూడా ఫోనులోకి వెళ్లింది.

హైదరాబాదులో ఇంటి చదువు చెబుతున్నవారికి ఇది మరింత వర్తిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి మాట్లాడుతుంది, ఇంటి చదువును మాత్రం ప్రస్తావించదు. బడికి వెళ్లకుండా పరీక్షలు రాయడానికి వీలిచ్చే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి పరీక్ష రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. అందువల్ల చాలామంది పిల్లలకు చదువుకు సంబంధించి తమ పేరున్న మొదటి కాగితం ఆ మార్కుల జాబితాయే అవుతుంది. అక్షరాభ్యాసం నుంచి అక్కడి దాకా గడిచిన ఏళ్లు ఎక్కడా రాసి ఉండవు. కాలేజీలో ‘నువ్వు ఏ బడి?’ అని తోటివాళ్లు అడిగినప్పుడు ఆ పిల్లవాడు చేతికిచ్చి చూపడానికి ఏదో ఒకటి ఉండాలి. వాడికి నేర్పిన కుట్టుమిషను అత్తయ్య, మేడమీద తోట తాతయ్య, సైకిలు బాగుచేసే అన్న తమ చేత్తో రాసిన పుటలు ఉండాలి. వీధి చివర డీటీపీ సెంటరులో రంగుల ప్రింట్లు తీయించి రింగు బైండింగు చేయిస్తే చాలు.

డల్లాస్ పాప పుస్తకం రెండు ప్రతులు అచ్చువేశారు. రెండోది గుంటూరుకు పంపారు. తాతగారు అట్ట లోపలి వైపు అందిన తేదీ వేసి సంతకం చేశారు. తర్వాత ఒక్కో పుటా చదువుతూ, పాప తెలుగులో రాసిన ‘భిన్నలు’ అన్న మాట దగ్గర ఆగి, ఎర్ర సిరాతో ‘న్న’కు దీర్ఘం పెట్టి, ఆ పుటను ఫోటో తీసి పంపారు. ఆ ఫోటోను ఈ ఏటి పుస్తకంలో మొదటి పుటగా వేయాలని పాప పట్టుబట్టింది.