ఆరు రోజుల జ్ఞాపకశక్తి ఉన్న డీవీఆర్ అన్నకు

అన్నా, నమస్తే. నల్లగొండ దేవరకొండ రోడ్డు మీది ఫంక్షన్ హాల్ల, మేనేజర్ కుర్చీ ఎన్క, అగర్‌బత్తి పొగ మింగుకుంట, సీసీ కెమెరాల రికార్డింగ్ దాచుకుంట గుయ్యిమని కూసుంటవే, నీకే రాస్తున్న.

మా బావ కొడుకు పెండ్లికొచ్చి పార్కింగ్ల బండి అద్దానికి హెల్మెట్ తగిలిచ్చిన, కొత్తది, 1400 పెట్టి కొన్న, అన్నం తినొచ్చేసరికి మాయం. (బగారన్నం మాత్రం మంచిగుండె, అది ఒప్పుకోవాలె.) గేటు కాడ బోర్డుంది, మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు అని, సరే అన్న చూసే ఉంటడు గదా అని ధైర్యంగ మేనేజర్‌ను అడిగిన. పాస్‌వర్డ్ ఓనర్‌కు తెల్సు అన్నడు, ఓనరేమో హైదరాబాద్ల, ఆయన కెమెరాలు బిగించిన పిలగాన్ని అడగమన్నడు, ఆ పిలగాడు మిర్యాలగూడ రైస్ మిల్లు పనిల ఉన్న, సోమవారం వస్త అన్నడు, ఏ సోమవారమో చెప్పలే. ఈ లోపు ఇంకో కెమెరా, గడియారం సెంటర్ల, నా బోడి నెత్తి ఫోటో కొట్టి చలాన్ పంపింది, దానికి మస్తు జ్ఞాపకం!

తొమ్మిదో రోజు నిన్ను తెరిచిన్రు. ఉన్నది ఆరు రోజులదే, అది గూడ తేదీ 2000 జనవరి 1 అని చూపిస్తున్నవ్, లోపల బటన్ సెల్ చచ్చిపోయిందట.

నీదొక్కనిదే తప్పు కాదులే. ఎనిమిది కెమెరాలు, ఒక్కోటి రోజుకు దగ్గర దగ్గర 20 జీబీ తింటది, నీకు పెట్టింది 1 టీబీ, అంటే వెయ్యి జీబీల డిస్క్, నిండంగనే పాతదాని మీద కొత్తది ఎక్కిస్తవ్. మంది జమయ్యే జాగల 30 రోజులు దాచాలని 2013ల పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది గదా సార్ అంటే మేనేజర్ నన్ను వకీలును చూసినట్టు చూసిండు. బ్యాంకు లాకర్ల కాడ నీ తమ్మునికి 180 రోజులని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, పోలీస్ స్టేషన్ల ఉన్నోనికి కనీసం ఏడాది అని 2020ల సుప్రీంకోర్టే చెప్పింది, నీకు మాత్రం స్టేజీ పూలకు లక్షలు తీస్కునే హాల్ల ఇంకో డిస్క్ కొననీకె పైసల్లేవ్.

ఇగ నా ఆశంతా పెండ్లి వీడియో మీదనే. డ్రోన్ పార్కింగ్ మీంచే తిరిగింది, దొంగ అండ్ల పడే ఉంటడు. ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేస్తే, ఎడిటింగ్ల ఉందన్నా, ఆర్నెల్లు పడ్తది అన్నడు.

ఇట్లు,
పెండ్లికొడుకు మామ