గట్టిదే గానీ, జున్నులా ఊగుతుంది

"న్యూట్రాన్ నక్షత్రం పైపెంకు విశ్వంలోకెల్లా గట్టి పదార్థం. అంతా న్యూట్రాన్లే, వజ్రంలా స్ఫటికం కట్టాయి. ఉక్కుకు వెయ్యి కోట్ల రెట్ల బలం. దాంతో కత్తి చేస్తే భూమిని నిలువునా కోసెయ్యొచ్చు. దాన్ని పగలగొట్టే శక్తి సృష్టిలోనే లేదు." ఈ పోస్టు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. ఇందులో నిజం ఉంది, కొసరుగా.

న్యూట్రాన్ నక్షత్రమంటే, పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే, బాగా కుదించుకుపోయిన గుండె. దాని పెంకులో "అంతా న్యూట్రాన్లే" అన్నది తప్పు. నక్షత్రం వ్యాసార్థం సుమారు 12 కిలోమీటర్లయితే పెంకు మందం ఒక కిలోమీటరు. దాని పైభాగంలో ఉండేవి ఇనుము కేంద్రకాలు. లోపలికి దిగేకొద్దీ నికెల్, ఆపైన న్యూట్రాన్లు మరీ ఎక్కువైన కేంద్రకాలు. ఘనపు సెంటీమీటరు బరువు 4 లక్షల టన్నులు దాటాకగానీ న్యూట్రాన్లు కేంద్రకాల్లోంచి బయటికి కారవు.

వజ్రంతో పోలికా కుదరదు. వజ్రంలో కార్బన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక్కడ పట్టుకునే చేతుల్లేవు. ఎలక్ట్రాన్లు ఊడిపోయి అంతటా పరుచుకున్నాయి. మిగిలిన కేంద్రకాలన్నీ ధనావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇరుకు బస్సులో జనంలా, ఎవరికి వారు ఎడంగా సర్దుకోగా ఒక అమరిక వస్తుంది: ఘనం ఎనిమిది మూలల్లో ఒక్కొక్కటి, నడిమధ్య ఒకటి. విచిత్రమేమంటే, మన ఇంటి గడపారలోని ఇనుము అమరిక కూడా ఇదే. ఆ నెట్టుకునే శక్తి వేడి వల్ల కలిగే కదలిక శక్తికి సుమారు 175 రెట్లు ఉన్నంతవరకూ, కోట్ల డిగ్రీల్లోనూ అది కరగదు.

ఇక వెయ్యి కోట్లు. 2009లో భౌతిక శాస్త్రజ్ఞులు చార్లెస్ హోరోవిట్జ్, కై కదావ్ కంప్యూటర్‌లో లక్షల కొద్దీ అయాన్లను, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన ఆ కేంద్రకాలను పేర్చి, ఆ దిమ్మెను పక్కకు లాగి చూశారు. దాదాపు పది శాతం వంకరపోయాకగానీ అది విరగలేదు. స్టీలు చెంచాను కాస్త వంచి వదిలితే తిరిగి నిటారవుతుంది, ఇంకాస్త వంచితే అలాగే ఉండిపోతుంది. లోపలి లోపాల వెంట పొరలు జారిపోతాయి. నక్షత్రంలో పీడనం పగుళ్లను, ఖాళీలను నోరు తెరవనివ్వదు. అయితే ఈ సాగుడులో ఉక్కుతో తేడా వంద రెట్ల చుట్టుపక్కలే. మిగతా కోట్లన్నీ పదార్థం అంతలా కూరుకుపోయినందువల్ల వచ్చినవి. లోతును బట్టి బలం మారిపోతుంది గనుక, ఒక్క అంకె చెప్పడమే తొందరపాటు.

పోస్టు చెప్పనిది ఇంకోటుంది. నొక్కితే ఉక్కు ఎంత ఎదిరిస్తుందో, పక్కకు తోస్తే అందులో సగం ఎదిరిస్తుంది. ఈ పెంకులో అది వందో వంతు మాత్రమే. గిన్నెలో జున్నును కదిపి చూడండి: అణిచితే పరిమాణం తగ్గదు, తట్టితే ఊగుతుంది. పెంకు గుణం అటువైపే.

"విశ్వంలోకెల్లా గట్టిది" అన్న మాట 2018 నాటి లెక్కలది. అవి పెంకు అట్టడుగున కేంద్రకాలు కలిసిపోయి కట్టే తీగలు, పలకల గురించినవి, ఈ స్ఫటికం గురించి కాదు. ఆ ఆకారాలకు పాస్తా పేర్లు పెట్టారు. మనవాళ్లయితే ఉండ్రాళ్లు, సేమ్యా అనేవారేమో.

కత్తి సంగతి: లోతులోని ఆ పదార్థాన్ని బిగించి ఉంచేది గురుత్వం. బయటికి తీస్తే పేలిపోతుంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంకేతం అందింది. వాటిలోంచి చిమ్మిన పదార్థం ముద్దగా నిలవలేదు. విచ్చుకుంటూ, భారమూలకాలుగా మారుతూ, రోజుల తరబడి వెలిగింది.

పగలదన్న మాటకొస్తే, 2004 డిసెంబరు 27న ఎస్‌జీఆర్ 1806-20 అనే మాగ్నెటార్ (అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రం), సూర్యుడు లక్ష ఏళ్లకు పైగా వెలువరించే శక్తిని సెకను లోపే చిమ్మింది. దాని అయస్కాంత క్షేత్రం మెలిపెట్టి పెంకును చీల్చిందన్నది శాస్త్రజ్ఞుల ప్రధాన వివరణ. ఆ వెలుగు తగ్గుతుండగా కనిపించిన కంపనాలు పెంకు ఊగిసలాట కావచ్చంటారు.

మన మామూలు రాయి ఎవరెస్టును 8,849 మీటర్లు మోస్తోంది. ఆ పెంకు మీద గురుత్వం భూమికి పదివేల కోట్ల రెట్లు కాబట్టి, అది మోయగల కొండ మహా అయితే కొన్ని సెంటీమీటర్లు. తిరిగే నక్షత్రం మీద అలాంటి బొడిపె ఉంటే గురుత్వ తరంగాలు (స్థలకాలంలో పుట్టే అలలు) ఆగకుండా రావాలి. అమెరికాలోని గురుత్వ తరంగాల పరిశోధనశాల లైగో వాటికోసం కూడా వెతుకుతోంది, ఇంకా దొరకలేదు.