సవరణ: ముత్తాత పుట్టినది 1901లో కాదు, 1902లో

మా ముత్తాత 1901లో పుట్టారనీ, చంద్రగిరి దగ్గరి మా ఊరి ఆ ఏటి జనన రిజిస్టరులో ఆయన నమోదు లేదనీ, బహుశా ఆ పుట పోయిందనీ పోయిన వారం రాశాను. అది తప్పు. పుట పోలేదు, నేనే వేరే ఏడాది పుటలు తిరగేశాను.

మా ఇంట్లో ఉన్న ఆధారం ఒక్కటే, పాత ట్రంకు పెట్టె మూత లోపల సిరాతో రాసిన పంక్తి: ‘ప్లవ నామ సంవత్సరం, మాఘ మాసం’. ప్లవ అంటే 1901 అని గబుక్కున లెక్క వేసుకున్నాను. ప్లవ 1901 ఉగాదికి మొదలైన మాట నిజమే, కానీ మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోతుంది. ఆ మాఘం 1902 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడింది. తిరుపతిలో పంచాంగం చెప్పే పెద్దాయన పాత పంచాంగం చూసి ఇది తేల్చారు. 1902 పుటల్లో వెతికితే నమోదు దొరికింది. బిడ్డ పేరు గడి ఖాళీ, ‘మగ’ అని మాత్రం ఉంది. తండ్రి పేరు, ఊరు సరిపోయాయి.

అదే పోస్టులో 1911కు ముందు మదనపల్లె కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేదని రాశాను. అదీ పొరపాటే. చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటువి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లావి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే ఇవన్నీ ఒకచోట చేరాయని జిల్లా గెజిటీరు చెబుతోంది. మదనపల్లె వైపు పూర్వీకుల కోసం నా మాట నమ్మి, ఉత్తర ఆర్కాటు రికార్డులు వెతకడానికి వేలూరు ప్రయాణం పెట్టుకున్నవారు ముందు కడప జిల్లా పాత రికార్డుల గురించి వాకబు చేయండి.