న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ మౌంటెన్ శిఖరం మీది పార్కింగ్ లాట్ గారికి

అయ్యా,

న్యూజెర్సీ ఎడిసన్ నుంచి నమస్కారాలు. నన్ను గుర్తుపట్టారో లేదో. అక్టోబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం చెట్లలోంచి ఊడిపడి, మీ తెల్ల గీతల మధ్య కూలబడి, "ఇక్కడ కార్లేంటి?" అని అరిచిన వాణ్ణి నేనే. వెనకాల ఎవరో హారన్ కొడితే లేచాను.

మీ మీద నాకు కోపం లేదు. మోకాళ్ళకి ఉంది.

న్యూజెర్సీలో అక్టోబరొస్తే మాకు దసరాకీ దీపావళికీ తోడు ఇంకో పండగ, ఫాల్ కలర్స్, అంటే రాలేముందు ఆకులు రంగులు మారడం. "పీక్ వచ్చిందా?" అని వారం ముందు నుంచే వాట్సాప్‌లో ఒకటే ఆరాలు. ఆకులో పచ్చదనం విరిగిపోతే అడుగున ఉన్న పసుపు బయటపడుతుందనీ, మేపుల్ మాత్రం ఎరుపుని అప్పటికప్పుడు తయారుచేసుకుంటుందనీ మా అబ్బాయి దారి పొడవునా క్లాసు పీకాడు. "రాలే ఆకు చూడ్డానికి ఇంత పెట్రోలా నాయనా" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. అక్కడ పెరట్లో రోజూ పొద్దున్నే ఊడ్చేది అవే కదా.

కొండ కింద పార్కింగ్ లాట్‌కి, అదే మీ తమ్ముడికి, పది డాలర్లు సమర్పించుకుని, అత్తయ్యగారినీ బావగారినీ హెస్సియన్ లేక్ ఒడ్డున కూర్చోబెట్టాను. "పెద్దవాళ్ళు, మీరెక్కడ ఎక్కుతారు, మేం చూసొస్తాం" అన్నాను. ఆ మాటలో ఉన్న పొగరు నాకప్పుడు తెలియలేదు.

జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అప్పలాచియన్ ట్రయల్ అనే కాలిబాట మీ కొండ మీదుగానే వెళ్తుంది. అందులో మొట్టమొదట తెరిచిన ముక్క కూడా ఈ కొండల్లోదే, 1923లో. ఆ దారి మొత్తంలో అన్నిటికంటే పల్లం మీ కాళ్ళ దగ్గరున్న జూలోనే, సముద్ర మట్టానికి 124 అడుగులు. మీరున్నది సుమారు 1,290 అడుగుల మీద. అంటే పల్లం నుంచి మొదలెట్టి మీ పాదాల దాకా వచ్చానన్నమాట. ఎనిమిది వందలకు పైగా గ్రానైట్ మెట్లు. మీద ఓక్ ఆకుల పరుపు, కింద గోళీల్లా దొర్లే ఓక్ కాయలు. చూసింది రంగులు కాదండీ, నా బూట్లు.

చెట్లకి దారి గుర్తుగా తెల్లరంగు పట్టీలుంటాయి. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు, అచ్చం నిలువు నామాలే. భక్తిగా ఒక్కో నామం లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. అవి చెట్లకి పెట్టినవి కావనీ, నాకు పెట్టినవనీ మిమ్మల్ని చూశాకే తెలిసింది.

ఎందుకంటే అక్కడ 1934 నాటి పెర్కిన్స్ రాతి టవర్ నీడలో, పట్టుచీర మీద శాలువా కప్పుకుని అత్తయ్యగారు. పక్కన కారు డిక్కీ తెరిచి బావగారు పులిహోర వడ్డిస్తున్నారు. "ఏదో రోడ్డు కనబడితే వచ్చేశాం బావా, పది నిమిషాలు కూడా పట్టలేదు" అన్నారు. మా ఆవిడ నవ్వు ఆపుకోడానికి టవర్ వైపు తిరిగింది.

మా తిరుమల చూడండి. కాలినడకన మెట్లెక్కి వచ్చేవాళ్ళకి దివ్యదర్శనం టోకెన్ అని ఒక మర్యాద పెట్టారు. మీ దగ్గర ఆ పాటి లెక్క కూడా లేదు. చెమట కక్కినవాడికీ, హీటర్ వేసుకుని వచ్చినవాడికీ అదే హడ్సన్ నది, అదే వంతెన. ఆ వంతెన అందం వాళ్ళకి ఒక పాలు తక్కువైనా కనబడాలి కదా! న్యాయం ఎక్కడుందండీ?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మీరే లేకపోతే అత్తయ్యగారు చెరువు గట్టునే మిగిలిపోయేవారు. ఆవిడ నది వైపు చాలాసేపు చూసి "మన గోదారికి చెల్లెలు, పీలగా ఉంది" అన్నారు. దూరాన మంచు తెరలో మాన్‌హట్టన్ చూపిస్తే, "అదా న్యూయార్కు? అగరొత్తులు గుచ్చినట్టుందే" అన్నారు. మెట్లెక్కిన నాకు అంత మాట తట్టలేదు. నేనప్పుడు బూటు విప్పి బొబ్బ చూసుకుంటున్నాను.

నా కోరిక చిన్నది. శిఖరం మీంచి కాస్త వెనక్కి, ఒక యాభై అడుగులు కిందకి జరగండి. కార్లలో వచ్చినవాళ్ళు కూడా ఆ నాలుగు మెట్లూ ఎక్కి కొద్దిగా ఆయాసపడనివ్వండి. మేం పైన నిలబడి "రండి రండి, ఇంకొంచెమే" అంటాం.

ఇట్లు,
ఒక పాదచారి

తా.క.: దిగేటప్పుడు మా ఆవిడా అబ్బాయీ నడిచే వచ్చారు. నేను బావగారి కారు వెనక సీట్లో, ఖాళీ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. గ్రూపులో "బేర్ మౌంటెన్ హైక్" అని పెట్టిన ఫోటోలో మీ గీత ఒకటి పడితే కత్తిరించేశాను. ఏమీ అనుకోకండి.