వల ఎక్కడ విసిరావు?

(నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, మైపాడు వైపు ఒక రొయ్యల గుంట గట్టు. సాయంత్రం, నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. చిన్నాయన టైగర్ రకం రొయ్యలు పెంచిన కాలం నుంచీ ఉన్న రైతు. అబ్బాయి స్టాటిస్టిక్స్ చదివాడు. గుంటలోని వనామీ రకం రొయ్య ఇప్పుడు 55 కౌంట్‌లో ఉంది, అంటే కిలోకి 55 రొయ్యలు. ఇప్పుడే పట్టేయాలా, 40 కౌంట్ దాకా ఆగాలా అన్నది తగువు. నా మొగ్గు అబ్బాయి వైపే.)

అబ్బాయి: ఆగు చిన్నాయనా. రొయ్య 18 గ్రాములుంది, 40 కౌంట్‌కి 25 కావాలి. నా లెక్కలో నాలుగు వారాలు. అటూ ఇటూ అయితే మూడున్నర నుంచి ఐదు.

చిన్నాయన: వారానికి రెండు గ్రాములు పెరుగుతోంది. ఏడు గ్రాములకి మూడున్నర వారాలు. దీనికి కంప్యూటర్ ఎందుకురా?

అబ్బాయి: ఆ రెండు గ్రాములు ఎప్పటికీ అట్టనే వస్తాయా? తిన్నగా గీత గీసి ఏడాది పొడిగిస్తే రొయ్య వంద గ్రాములు దాటిపోవాలి. వనామీ అట్ట పెరగదు కదా. మొదట మెల్లగా, నడుమ జోరుగా, తర్వాత మళ్లీ మందంగా. అందుకే వంపు తిరిగే గీత తీసుకున్నా. వారం వారం మనవాళ్లు తూచిన బరువులే చుక్కలు. ఒక్కో చుక్కకీ గీతకీ ఎంత ఎడముందో చూసి, ఆ ఎడాలను వర్గం చేసి కూడి, ఆ మొత్తం అన్నిటికన్నా తక్కువయ్యేలా గీతను సర్దుతాం.

చిన్నాయన: చుక్కలన్నిటి మీదుగా పోయేలా గీస్తే ఎడమే ఉండదుగా?

అబ్బాయి: గీయొచ్చు. కానీ అన్ని మెలికలు తిరిగిన గీత తక్కెడ తప్పులను కూడా బట్టీ పట్టేస్తుంది. పదకొండో వారం అడిగితే ఎటో పోతుంది. అందుకే పది వారాల్లో చివరి రెండింటినీ దాచిపెట్టి, ఎనిమిదితోనే గీశా. దాచినవాటికి దగ్గరగా వచ్చాకే నీ దగ్గరికొచ్చా.

చిన్నాయన: సరే. ఆ బరువులు ఎట్ట తీశారో అడిగావా?

అబ్బాయి: విసురువల వేసి, పడినవి తూచి, లెక్కపెట్టి...

చిన్నాయన: వల ఎక్కడ విసిరారు? మేత ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రే పక్కన, మేత వేసిన అరగంటకి. బలమైన రొయ్య ముందొస్తుంది, బక్కది వెనకే ఉంటుంది. పైగా ఆ వల కన్ను పెద్దది, సన్నవి జారిపోతాయి. నీ 18 గ్రాములు గుంటలో రొయ్య బరువు కాదు, వలకు చిక్కిన రొయ్య బరువు. నాలుగు వారాలాగి పట్టుబడి రోజున 45 కౌంటే తేలితే, మధ్యలో వేసిన మేత డబ్బులు ఎవరిస్తారు?

(ఈ ప్రశ్న దగ్గర నేనూ ఆగిపోయాను. అబ్బాయి దాచిపెట్టిన రెండు వారాల బరువులూ అదే వలతో, అదే చోట తీసినవే. అందుకే గీత పరీక్ష నెగ్గింది, తప్పు మాత్రం లోపలే ఉండిపోయింది.)

అబ్బాయి: అడగాల్సింది చిన్నాయనా, అడగలేదు. ఈసారి నాలుగు మూలలా, నడిమధ్యనా వేద్దాం. మేతకి ముందు, సన్న కన్ను వలతో. ఏ వలకావల విడిగా రాద్దాం. ఐదింటి మధ్య తేడా ఎంతో తెలిస్తే నా అంచనాని ఎంత నమ్మొచ్చో తెలుస్తుంది. కొలత బాగుంటే కొద్దిపాటిదైనా చాలు. 1801 జనవరి 1న పియాజీ అనే ఆయన ఆకాశంలో సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనిపెట్టాడు. నలభై రోజులు చూశాడో లేదో, అది సూర్యుడి వెలుగులోకి పోయి కనపడలేదు. గాస్ అనే పాతికేళ్లు నిండని కుర్రాడు ఆ కాసిన్ని కొలతలతోనే దాని దారి లెక్కగట్టాడు. ఏడాది చివరి రోజున, ఆయన చెప్పిన చోటికి దగ్గర్లోనే మళ్లీ దొరికింది.

చిన్నాయన: ఆకాశంలో తిరిగేదానికి తెల్లమచ్చ రోగం రాదు కదరా! 1994, 95ల్లో ఈ తీరంలో టైగర్ రొయ్య ఎట్ట పోయిందో నేను చూశా. అంతకు ముందు వారం దాకా పెరుగుదల బ్రహ్మాండంగా ఉంది. నీ గీత ఉన్నా, ఇంకా ఆగమనే చెప్పేది.

అబ్బాయి: చెప్పేదే. రోగం రాకపోతే అన్న షరతు మీదే అది నిలబడుతుంది, దాన్ని నేను దాచను. కానీ బరువు అంచనాకంటే బాగా దిగువకు పడితే ఏదో తేడా ఉందని గీత చెబుతుంది.

చిన్నాయన: తెల్లమచ్చ తగిలితే మూడు నుంచి పది రోజుల్లో గుంట ఖాళీ. నువ్వు వారానికోసారి తూస్తావు.

అబ్బాయి: అయితే రోజూ ఉండేది చూద్దాం. చెక్‌ట్రేలో మిగిలిన మేత ఎవరైనా రాస్తున్నారా?

చిన్నాయన: చూస్తారు. రాయరు.

అబ్బాయి: రాస్తే ఎన్ని బతికున్నాయో కూడా కొంత తెలుస్తుంది. ఇప్పుడు గుంటలో రొయ్య పిల్ల వేసిన నాటి లెక్కతోనే మేత వేస్తున్నాం. చచ్చినవాటి వాటా అడుగున కుళ్లుతోంది.

చిన్నాయన: రాసేటప్పుడు అమావాస్య, పున్నమి కూడా పక్కన రాయి. ఆ రోజుల్లో గుల్ల మార్చుకుంటాయి, మేత ముట్టవు. అది తెలియకపోతే నీ గీత రోగమని కేక పెడుతుంది.

అబ్బాయి: రాస్తా. ఆదివారం తూకం నాటికి నా అంచనా 48 నుంచి 52 కౌంట్. ముందే రాసి తేదీ వేస్తున్నా, తర్వాత దిద్దను. నీదెంత?

చిన్నాయన: ఐదు చోట్లా వేస్తే 56. అదీ రాయి, నా పేరుతో. పట్టేదీ ఆగేదీ ఆదివారం చెబుతా.

(అబ్బాయి రెండూ ఒకే పేజీలో రాశాడు. చిన్నాయన షెడ్డులోకి వెళ్లి సన్న కన్ను వల దులిపి, చిరుగులున్నాయేమోనని దీపం దగ్గర చూస్తున్నాడు.)